నాలుగో బెడ్డులో అనధికార జీవులు

నూకయ్య భార్య పెంచిన వానపాముల్ని ప్రభుత్వం చంపించింది. నూకయ్య చేతే చంపించింది. ఇందులో వాదనకేం లేదు. ఉత్తర్వు కాపీ అతని ఇంట్లో దూలానికి చెక్కి ఉంది. నెంబరు ఉంది, తేదీ ఉంది, పచ్చ సిరా సంతకం ఉంది. నమ్మనివాళ్ళు వెళ్ళి చదువుకోవచ్చు. చెప్పులు మాత్రం బయట విప్పాలి.

కడలి నూకయ్య లంకలపాడు చేపనీటి సాగు ప్రదర్శన కేంద్రంలో కాపలాదారు. కాపలా అన్నది కాగితం మీద మాట. మోటారు వెయ్యడం, కట్టెయ్యడం, చేపలకు మేత చల్లడం, అధికారులొస్తే గొడుగు పట్టడం అన్నీ అతనివే. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. అంతకు మించి చదవనందుకు ఏనాడూ విచారించలేదు. మించి చదివినవాళ్ళని ఇరవై ఏళ్ళుగా దగ్గర్నుంచి చూస్తున్నాడు.

చేపనీటి సాగు బ్రహ్మవిద్యేం కాదు. ఒక పెద్ద సిమెంటు తొట్టెలో చేపలు. పక్కన నడుం ఎత్తున పన్నెండు చిన్న తొట్లు, వాటి నిండా కంకర. ఆ కంకర తొట్లనే బెడ్లు అంటారు. మట్టి అన్నది ఉండదు. చేపల తొట్టెలో నీళ్ళు మోటారు తోడితే బెడ్లలోకి పోతాయి. ఆ నీళ్ళలో చేపల పెంట ఉంటుంది. కంకరలో వేళ్ళు దిగిన బచ్చలి, తోటకూర, టమాటా దాని సారంతో పెరుగుతాయి. తేరిన నీళ్ళు మళ్ళీ చేపల దగ్గరికి దిగుతాయి. కోసిన కూర పక్కనున్న ఆడపిల్లల హాస్టలుకు పోతుంది.

చిక్కు ఒక్కటే. పెంట మితిమీరితే కంకర సందుల్లో పేరుకుంటుంది. నల్లటి మడ్డి పడుతుంది, నీళ్ళు కదలవు, కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది, వేళ్ళు చస్తాయి.

ఆ చిక్కు లంకలపాడులో ఎన్నడూ రాలేదు. రానివ్వనిది నూకయ్య భార్య మంగాయమ్మ. ఆవిడ ఆ కేంద్రంలో రోజుకూలీ. ఏ శిక్షణకూ వెళ్ళలేదు. చేపల తొట్టెకీ బెడ్లకీ మధ్య ఒక నీలం డ్రమ్ము పెట్టించింది. నీళ్ళు అందులో గుండ్రంగా తిరిగి నెమ్మదిస్తాయి, బరువైన పెంట అడుక్కి దిగుతుంది. పొద్దున్నే కింద కుళాయి విప్పి ఆ మడ్డిని బకెట్లోకి పట్టి అరటిచెట్ల మొదట్లో పోసేది. మేత చేపలు తినేంతే చల్లనిచ్చేది. గుప్పెడు ఎక్కువ పడబోతే మొగుడి చెయ్యి పట్టుకునేది. డ్రమ్మును తప్పించుకుని కంకరలోకి చేరే సన్నపెంట సంగతి వానపాములు చూసుకునేవి. వాటిని పుట్టింటి పెంటపోగులోంచి ఏరి, పౌడరు డబ్బాలో వేసుకుని, బస్సెక్కి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మొదట నాలుగో బెడ్డులో వదిలింది, తర్వాత కూడా ఎక్కువగా ఉన్నవి అక్కడే. అవి ఆ పెంటని తిని మొక్కకి పనికొచ్చే ఎరువుగా మార్చేవి. ఉండుండి ఓ రోజు మోచేతుల దాకా చేతులు దించి కంకరంతా కదిపేది, ఇరుక్కున్న మడ్డిని నీళ్ళు కొట్టి దించేసేది. ఎన్నాళ్ళకోసారి అన్నది ఆవిడకే తెలుసు. అరచెయ్యి కంకర మీద ఆనించి కాసేపు కదలకుండా ఉండేది. తర్వాత "ఇయ్యాల" అనేది, లేదా "ఇంకా ఆగొచ్చు" అనేది.

"ఆ ఎర్రల్తోనే కాపరం చెయ్యవే, మజ్జిలో నేనెందుకు?" అనేవాడు నూకయ్య. వానపాముల్ని అటువైపు ఎర్రలంటారు.

"ఆటికి పెడితే తిని ఊరుకుంటాయి. నీలాగ వంకలెట్టవు," అనేది మంగాయమ్మ.

మూడు రోజుల జ్వరంలో ఆవిడ పోయింది. పోయేముందు కళ్ళు తెరిచి, "నాలుగో బెడ్డులో ఎర్రల్ని చూసుకో," అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మొగుడితో చివరిగా అన్న మాట అది. నూకయ్య ఆ మాటకి కోపం తెచ్చుకున్నాడు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక ఉంచేసుకున్నాడు. వానపాముల్ని మాత్రం చూసుకున్నాడు, పొద్దున్నే డ్రమ్ము మడ్డీ తనే పట్టాడు.

ఆవిడ పోయిన ఏడో నెలలో సర్క్యులర్ వచ్చింది.

దాని పుట్టుక ఇలా. ఎక్కడో ఒక కేంద్రంలో ఒక పెద్ద అధికారి బెడ్డు అంచుకి ఆనుకుని ఫొటో దిగారు. తెల్ల చొక్కా చేతికి నల్లటి మడ్డి అంటింది. ఆ మరక మూడు ఉతుకులకీ వదల్లేదు. నాలుగో ఉతుక్కి రాష్ట్రమంతటికీ వర్తించే విధానం తయారైంది.

"విషయము: చేపనీటి సాగు – కంకర బెడ్లు – ఘన వ్యర్థములు పేరుకొనుట – సంపూర్ణ నివారణ – పక్షోత్సవములు జరుపుట – గురించి," అని మొదలైంది ఆ కాగితం. ప్రతి కేంద్రానికీ మార్కులు వేస్తారు. ప్రథమ స్థానం వచ్చిన కేంద్రానికి జ్ఞాపిక, దాని అధికారికి ప్రశంసాపత్రం.

లంకలపాడు కేంద్రానికి అధికారి ఉపసంచాలకులు కరుణాకర్ గారు. ఆయన ఏ మాటా ఒక్క మాటతో పోనివ్వరు. సిబ్బందిని బెడ్ల మధ్య నిలబెట్టి, "ఘన వ్యర్థ నివారణ దిశగా మనమందరం పునరంకితం కావలసిన ఆవశ్యకత ఎంతైనా ఉందని ఈ సందర్భంగా తెలియజేసుకుంటున్నాను," అన్నారు. తర్వాత అందరి చేతా కుడిచెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయించారు. "నా బెడ్డులో ఘన వ్యర్థమును చేరనీయను. చేరనిచ్చువారిని ఉపేక్షించను."

నూకయ్య చెయ్యి దించి అడిగాడు. "చేపల్చేత కూడా చెప్పిద్దారా అండీ?"

వెనకనెవరో కిసుక్కుమన్నారు. కరుణాకర్ గారు నవ్వలేదు. ఆ మాటని ఆయన సలహాగా తీసుకున్నారు. మర్నాడు ప్రతిజ్ఞని బోర్డు మీద రాయించి, అక్షరాలు చేపల తొట్టెకేసి ఉండేలా పెట్టించారు.

తనిఖీ పత్రంలో ఇరవై గడులున్నాయి. ఏడో గడి: "కేంద్రములో ఘన వ్యర్థము కంటబడిన ప్రదేశము, పరిమాణము." సాంకేతిక సహాయకురాలు ప్రవల్లిక దాన్ని నింపింది. కొత్తగా చదివొచ్చిన పిల్ల, ఉన్నదున్నట్టు రాసే అలవాటు ఇంకా పోలేదు. బెడ్లలో ఏమీ లేదు, నీలం డ్రమ్ములో రోజుకు నాలుగు బకెట్లు అని రాసింది.

కరుణాకర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నాలుగు బకెట్లా?"

"అవును సార్. బెడ్లలోకి పోకుండా డ్రమ్ము ఆపుతుంది."

"ఆపి?"

"అందులో ఉంచుతుంది సార్."

"నేనూ అదే అంటున్నాను. ఉంచుతోంది. ప్రభుత్వం నివారించమంది, నిల్వ చెయ్యమనలేదు. మిగతా కేంద్రాల్లో ఈ డ్రమ్ములున్నాయా?"

"లేవు సార్."

"ఏడో గడిలో వాళ్ళేం రాశారు?"

"లేదు అని రాశారు. కానీ వాళ్ళది కంకర లోపల ఉంది సార్."

"కంకర లోపలిది కంటబడదు కదమ్మా. గడిలో ‘కంటబడిన’ అని స్పష్టంగా ఉంది. అంటే రాష్ట్రం మొత్తం మీద కంటబడే ఘన వ్యర్థం మన డ్రమ్ములో ఒక్క దాంట్లోనే ఉంది."

డ్రమ్ము ఆ సాయంత్రమే తీసేశారు. మర్నాడు ఏడో గడిలో లేదు అని పడింది. లంకలపాడు పదకొండో స్థానం నుంచి నాలుగో స్థానానికి ఎగబాకింది. అడ్డం లేకపోయేసరికి పెంటంతా కంకరలోకి పోయింది.

పది రోజుల్లో వాసన మొదలైంది. నాలుగో బెడ్డు మాత్రం పర్వాలేదు. అక్కడ వానపాములు రెండింతలై, రాత్రీపగలూ లేకుండా ఆ దండగపని తెచ్చిన పెంటని తిని అరిగించుకుంటున్నాయి. వాసన కారణం కనిపెట్టడానికి కరుణాకర్ గారు వచ్చారు. వాసన రాని బెడ్డు దగ్గర ఆగారు. కంకర తీయించారు. నూకయ్య వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా, నిగనిగలాడుతూ వానపాములు జారాయి.

ఆయన రెండడుగులు వెనక్కి వేసి జీవుల రిజిస్టరు తెమ్మన్నారు. అందులో తిలాపియా చేపలు ఆరువందల నలభై. మొక్కలు రకాలవారీగా. వానపాములు అన్న మాటే లేదు.

"ఇవి ఏం చేస్తున్నాయి ఇక్కడ?"

"వ్యర్థాన్ని తింటాయి సార్," అంది ప్రవల్లిక. "పుస్తకాల్లో కూడా ఉంది."

"తిన్న తర్వాత?"

ప్రవల్లిక తల దించుకుంది. "విసర్జిస్తాయి సార్."

"ఎక్కడ?"

"బెడ్లోనే సార్. కానీ అది ఎరువు..."

"ద్రవమా, ఘనమా?"

"...ఘనమే సార్."

కరుణాకర్ గారు నిట్టూర్చారు. దొంగను పట్టుకున్న మనిషి నిట్టూర్పది. నూకయ్య కేసి తిరిగారు. "వీటిని ఎవరు ప్రవేశపెట్టారు?"

"నా పెళ్ళామండీ."

"ఏ అధికారంతో?"

"పౌడరు డబ్బాతోనండీ."

"ఆవిణ్ణి పిలిపించు. వాంగ్మూలం తీసుకోవాలి."

"పోయిందండీ."

"ఎక్కడికి?"

నూకయ్య ఆయన మొహంలోకి చూశాడు. "పోయిందండీ," అన్నాడు మళ్ళీ.

కాసేపటికి ఎవరో చెవిలో చెప్పారు. కరుణాకర్ గారు మర్యాదగా గొంతు తగ్గించి, కాగితం మీద "సదరు వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు," అని రాసుకున్నారు.

ఉత్తర్వు మూడో రోజు కరుణాకర్ గారి సంతకంతో వచ్చింది. దూలానికి చెక్కి ఉన్నది అదే. "నాలుగవ బెడ్డు మరియు ఇతర బెడ్లలో ఇండెంటు లేకుండా నివసించుచు ఘన వ్యర్థమును ఉత్పత్తి చేయుచున్న అనధికార జీవులను తక్షణమే ఏరివేసి, శాస్త్రీయముగా నిర్మూలించవలెను."

నూకయ్య అడక్క అడక్క ఒకటి అడిగాడు. "ఏరి నేను ఇంటికట్టుకుపోతానండీ. మా పెరట్లో ఏసుకుంటాను."

"కుదరదు నూకయ్యా. ప్రభుత్వ ఆవరణలో పుట్టినవి ప్రభుత్వ ఆస్తి."

"అనధికారవని రాసేరు గదండీ?"

"అనధికార ప్రభుత్వ ఆస్తి," అన్నారు కరుణాకర్ గారు. ఆయన నిజంగానే అలాగే అనుకుంటున్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టం.

ఏరడానికి మూడు రోజులు పట్టింది. మూడు బకెట్లయ్యాయి. బ్లీచింగు కలిపిన నీళ్ళు ప్రవల్లిక కొలిచి ఇచ్చింది. ఇచ్చి, అటు తిరిగి నించుంది. నూకయ్య పోశాడు. అవి ఒకదానికొకటి చుట్టుకుని బకెట్టు అంచు దాకా లేచాయి. అంతకంటే ఏమీ చెయ్యలేదు. నోరు లేనివి. అతనికి నోరుంది. అతనూ ఏమీ అనలేదు.

నాలుగో బెడ్డు నడిమధ్య నీళ్ళు దిగే గొట్టం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న జానెడు కంకర మాత్రం అతను కదపలేదు. మర్చిపోయాను అని తనకు తను చెప్పుకున్నాడు.

వానపాములు పోయాక నాలుగో బెడ్డూ నల్లబడింది. ఇప్పుడు పన్నెండు బెడ్లూ సమానంగా కంపుకొడుతున్నాయి. కరుణాకర్ గారు మూలకారణ విశ్లేషణ సమావేశం పెట్టారు. గోడ మీద ఒక గీతల బొమ్మ వేయించారు. మేత తగ్గే కొద్దీ పెంట తగ్గుతుందని అందులో ఉంది. అది నిజమే. మంగాయమ్మ గుప్పెడు దగ్గర పట్టుకున్నదీ అదే. అయితే మంగాయమ్మకి ఆ గీత ఎక్కడ ఆపాలో తెలుసు. కరుణాకర్ గారు స్కేలు పెట్టి దాన్ని చివరిదాకా లాగారు. అది కింద సున్నాకి తగిలింది.

"తగ్గించడం వల్ల ఇంత మేలు జరుగుతున్నప్పుడు, ఆపడం వల్ల ఎంత మేలు జరుగుతుందో ఎవరైనా ఆలోచించారా?" అన్నారు. ఎవరూ ఆలోచించలేదు.

మేత ఆపారు. నూకయ్య తొట్టె పక్కనుంచి నడిస్తే ఆరువందల నలభై మూతులు పైకి లేచి, అతని చేతికేసి చూసేవి. అతను చేతులు వెనక్కి కట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. తొమ్మిదో రోజుకి చేపలు పెంట వెయ్యడం మానేశాయి. కరుణాకర్ గారు పైకి నివేదిక పంపారు. పన్నెండో రోజున కొన్ని చేపలు తేలాయి. తేలిన చేప ఏ గడిలోకి వస్తుందా అని చూస్తే, ఏడో గడిలోకే వచ్చింది. దాంతో ఇంకో నిర్ణయం తీసుకోక తప్పలేదు.

మిగిలిన చేపల్ని డెప్యుటేషన్ మీద కొత్తరేవు కేంద్రానికి పంపారు. అప్పటికి రాష్ట్రంలో ప్రథమ స్థానం కొత్తరేవుది. చేపలు చేరిన వారానికి దానికి తొమ్మిదో స్థానం వచ్చింది. ఇది కేవలం యాదృచ్ఛికం అని కరుణాకర్ గారు ఎవరూ అడక్కుండానే మూడుసార్లు అన్నారు.

చేపల్లేని నీళ్ళు బెడ్లలోకి పోయాయి, వచ్చాయి. ఆ నీళ్ళలో తినడానికేం లేదు. పక్షం దాటకుండా బచ్చలి పండుబారింది, ఆకు రాలింది. రాలిన ఆకు ద్రవం కాదు కనక మొక్కల్ని పీకించారు.

హాస్టలు వంటామె అచ్చాయమ్మ ఖాళీ గంప చంకనెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. మంగాయమ్మకి స్నేహితురాలు, నూకయ్యని అన్నియ్యా అంటుంది.

"ఏంటన్నియ్యా ఇదీ, నెల్లాళ్ళై పిల్లలకి ఉత్త పప్పే పోత్తన్నాను. బచ్చలేదీ?"

"పీకేసేరు."

"సేపలో?"

"డెప్యుటేసన్ మీదెల్లినియ్యి."

"మరి నువ్వేం కాత్తన్నావిక్కడ?"

"కంకర," అన్నాడు నూకయ్య.

అచ్చాయమ్మ గంప ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. "మా ఒదిన ఉంటే ఒక్కొక్కణ్ణీ ఆ తొట్లో ముంచి లేపును," అనేసి వెళ్ళిపోయింది.

కంకరని సబ్బుపొడి పెట్టి కడిగించారు. నాలుగో బెడ్డు తనకి వదిలెయ్యమని నూకయ్య అడిగాడు. పని మీద అంత శ్రద్ధ చూపినందుకు కరుణాకర్ గారు మెచ్చుకున్నారు. ఇక బోడిగా ఉన్న బెడ్లు చూడ్డానికి బాగాలేవని పట్నం నుంచి ప్లాస్టిక్ మొక్కలు తెప్పించారు. రికార్డులో వాటి పేరు దీర్ఘకాలిక హరిత నమూనాలు. వాటికి నీళ్ళు అక్కర్లేదు. అయినా మోటారు పొద్దస్తమానం తిరిగేది. మోటారు ఆగితే కేంద్రం పనిచెయ్యనట్టు.

రాష్ట్ర తనిఖీ బృందం వచ్చింది. అధ్యక్షులు పదవీ విరమణ చేసిన నిపుణులు. తెల్ల చేతి తొడుగులు వేసుకుని వచ్చారు. ఒక్కో బెడ్డులో ఒక్కో రాయి తీసి, తుడిచి, తొడుగు చూసుకున్నారు. తొడుగు తెల్లగానే ఉంది.

"నా సర్వీసులో ఇంత పరిశుభ్రమైన చేపనీటి సాగుని చూడలేదు," అన్నారు. "చేపలెక్కడ?"

"డెప్యుటేషన్ మీద ఉన్నాయి సార్," అన్నారు కరుణాకర్ గారు.

"మంచిది. అవి ఉంటే ఈ ఫలితం కష్టం."

వందకి వంద మార్కులు వేయబోతూ, ఎందుకో ఆయన నాలుగో బెడ్డు దగ్గర మళ్ళీ ఆగారు. గొట్టం పక్కనుంచి ఒక రాయి లేపారు. తెల్ల తొడుగు మీద మూడు వానపాములు ఎర్రగా మెలికలు తిరిగాయి.

అధ్యక్షులు తొడుగుని వెలుతురుకేసి తిప్పి చూశారు.

"ఇవి ఎవరివి?" అన్నారు అధ్యక్షులు.

"మా కేంద్రానివి కావు సార్. రిజిస్టరు చూడొచ్చు," అన్నారు కరుణాకర్ గారు.

"మరి ఎవరివి?"

నూకయ్య గొడుగు కింద పెట్టాడు. "నాయండీ."

"నీవంటే?"

"నా ఇంటియి. నా పెళ్ళాం తెచ్చుకున్నయ్యి."

కరుణాకర్ గారికి ఊపిరి వచ్చింది. "సార్, అవి కార్మికుని వ్యక్తిగత వస్తువులు. కేంద్రానికి సంబంధం లేదు. అతని మీద క్రమశిక్షణ చర్య తీసుకుంటాం."

అధ్యక్షులు పత్రం తిరగేశారు. వ్యక్తిగత వస్తువులకి ఇరవై గడుల్లో ఎక్కడా మార్కులు లేవు, కోతా లేదు. తృప్తిగా తల ఊపి, ఆ మూడింటినీ నూకయ్య అరచేతిలో వదిలారు.

లంకలపాడు కేంద్రానికి ప్రథమ స్థానం వచ్చింది. ప్రభుత్వ బెడ్డులో వ్యక్తిగత జీవులను ఉంచినందుకు నూకయ్యని విధుల నుంచి తప్పించారు. రెండు కాగితాల మీదా ఒకే తేదీ ఉంది. మూడు వానపాముల్నీ పౌడరు డబ్బాలో వేసుకుని, డబ్బా సైకిలు హ్యాండిలుకి కట్టుకుని, అతను ఇంటికి పోయాడు. దారిలో ఎక్కడా తొక్కలేదు. నడిపించుకుంటూ పోయాడు.

ఆపైన జరిగింది అందరికీ తెలిసిందే. లంకలపాడు నమూనాని రాష్ట్రమంతటా అమలు చెయ్యమన్నారు. అన్ని కేంద్రాలూ తమ చేపల్ని డెప్యుటేషన్ మీద పంపాయి. తీసుకునేవాళ్ళు లేక చేపలు లారీల్లో ఊరూరా తిరిగాయి. ఏ గేటు దగ్గరికెళ్ళినా "మాకు ప్రథమ స్థానం ఉంది," అని తలుపు వేశారు. చివరికి ఒక కేంద్రానికి విహారయాత్రకొచ్చిన బడిపిల్లల్లో ఒక పిల్ల ప్లాస్టిక్ బచ్చలి ఆకు కొరికి చూసి, "చేపేది?" అని అడిగింది. అది పేపర్లో పడింది. వెంటనే చేపల్ని వెనక్కి రప్పించారు. పోయిన పేరు రాబట్టడానికి మేత రెండింతలు చల్లమన్నారు. డ్రమ్ముల్లేవు, వానపాముల్లేవు. నెల తిరిగేసరికి రాష్ట్రంలో ఉన్న ప్రతి బెడ్డూ నల్లటి మడ్డితో బిగుసుకుపోయింది. అప్పుడు రెండో సర్క్యులర్ వచ్చింది. "విషయము: వానపాముల పక్షోత్సవములు."

ఏడాది తిరిగిన శ్రావణంలో, పొద్దున్న పదింటికి, కరుణాకర్ గారి జీపు నూకయ్య ఇంటి ముందు ఆగింది. వెనక ప్రవల్లిక దిగింది. ఆయన చెప్పులు బయటే విప్పారు. దూలం మీద కాగితం తలెత్తి చదివారు, అది తన సంతకమే అని గుర్తుపట్టి తల దించుకున్నారు.

పెరట్లో పగిలిన కుడితితొట్టె ఉంది. దాని నిండా కంకర, పేడ. అందులోంచి బచ్చలితీగ లేచి సగం ఇంటికప్పు కమ్మింది. గోడవార అచ్చాయమ్మ గంప నిండుగా ఉంది. ప్రవల్లిక తొట్టెలో వేలు దించి ఒక రాయి లేపింది. కింద వేలకొద్దీ ఉన్నాయి.

"నూకయ్య గారూ," అన్నారు కరుణాకర్ గారు. ఆ గారు నోట్లోంచి రావడానికి కాస్త సమయం పట్టింది. "జరిగిందేదో జరిగింది. ప్రభుత్వం మీ శ్రీమతి గారి పద్ధతిని అధికారికంగా గుర్తించదలచింది. లంకలపాడు పద్ధతి అని పేరు. మీరు వచ్చి అన్ని కేంద్రాల సిబ్బందికీ వివరించాలి. శిక్షకులుగా నియమిస్తున్నాం."

నూకయ్య చుట్ట కొస కొరికి ఉమ్మాడు.

ప్రవల్లిక ముందుకొచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. చేతిలో పుస్తకం, పెన్ను. "బాబాయ్, డ్రమ్ము తెలుసు, మేత తెలుసు, ఎర్రల సంగతి తెలుసు. ఒక్కటి తెలీదు. పిన్ని కంకర ఎన్నాళ్ళకోసారి కదిపేది? చేత్తో చూసి చెప్పేదంట కదా. ఏం చూసేది? వేడా, చల్లనా? జిగురా? కదలకపోతే పాచిపోతంది, ఊరికే కదిపితే వేళ్ళు తెగిపోతన్నాయి. ఆ ఒక్కటీ చెప్పు బాబాయ్."

నూకయ్య నోరు తెరిచాడు.

పద్దెనిమిదేళ్ళు ఆవిడ ఆ బెడ్డు మీద చెయ్యి ఆనించి నించున్నప్పుడల్లా అతను నాలుగు గజాల దూరంలోనే ఉన్నాడు. మోటారు కేసి చూస్తూ. ఆవిడ రెండు మూడుసార్లు, "ఇలారా, నువ్వోసారి చెయ్యెట్టి చూడు," అంది. ఎర్రల్తో కాపరం చెయ్యవే అన్నాడు.

నోరు మూశాడు. లేచి వెళ్ళి తొట్టెలోంచి దోసెడు వానపాముల్ని కంకరతో సహా తీసి, పౌడరు డబ్బాలో నింపి, ప్రవల్లిక పుస్తకం మీద పెట్టాడు. కరుణాకర్ గారు రసీదు కోసం జేబు తడుముకున్నారు.

"అట్టుకుపోండి," అన్నాడు నూకయ్య. "అది బతికుండగా అడగాల్సింది. మీరు అడగలేదు. నేనూ అడగలేదు. నన్ను దీని గురించి ఇంకెవరూ అడగొద్దు. నేను చెప్పను. ఇయ్యాలా చెప్పను, ఇంకెప్పుడూ చెప్పను."

తలుపేసుకున్నాడు.